నూట నలభై ఎంబీ

మానుకోటలో మాకు కంప్యూటర్ నేర్పిన సార్ పోయిన వారం చనిపోయారు. జనగామలో నేను ఆఫీసులో ఉండగా, ఆయన దగ్గర నాతోపాటు నేర్చుకున్న దోస్తు ఫోన్ చేసి చెప్పింది. ఏడుపు కంటే ముందు నాకు భయమేసింది. ఆయనకు చెప్పాల్సిన మాట ఒకటి ఇన్నేళ్లు దాచుకున్నాను. ఇక వినడానికి ఆయన లేరు కాబట్టి మీకు చెబుతున్నాను.

మేడ మీద ఒక గది, నాలుగు కంప్యూటర్లు, అదే ఆయన సెంటర్. కీబోర్డుల మీద కప్పిన గుడ్డలు రోజూ తానే తీసి మడతపెట్టేవారు. డిగ్రీ అయి ఇంట్లో ఖాళీగా ఉన్న ఆడపిల్లలమే ఎక్కువ. బైటు, కేబీ మా బుర్రకెక్కకపోతే, పెద్దవంగరలో వాళ్లమ్మ వడ్లు కొలిచే సంగతి ఎత్తుకున్నారు. ఆమెను ఆయన అవ్వ అనేవారు.

"రెండు సోలలు ఒక తవ్వ. రెండు తవ్వలు ఒక మానిక. మా అవ్వ గిట్ల రెండింతలు జేసుకుంటనే పోతది. కంప్యూటర్‌ది గూడ అవ్వ లెక్కనే. ఒకటిని పదిసార్లు రెట్టింపు జెయ్యుర్రి, ఎంతొస్తది?"

వెయ్యిన్ని ఇరవై నాలుగు అని అందరికంటే ముందు చెప్పింది నేనే. అన్ని బైట్లయితే ఒక కేబీ, అన్ని కేబీలైతే ఒక ఎంబీ, అన్ని ఎంబీలైతే ఒక జీబీ. ఆ రోజు నుంచి ఆయనకు నేను లెక్క తప్పని పిల్లను. ఆ పేరు నాకు బాగానే నెత్తికెక్కింది.

అప్పుడు తెలంగాణ కోసం సకల జనుల సమ్మె నడుస్తోంది. భూపాలపల్లిలో బొగ్గు ఆగిపోయింది, మాకు కరెంటు కోతలు. సార్ ఎవరిదో కెమెరా అడిగి తెచ్చుకుని దీక్షా శిబిరంలో వీడియోలు తీసేవారు. ఒక మధ్యాహ్నం కెమెరా కార్డు, కొత్త పెన్‌డ్రైవు నా ముందు పెట్టారు.

"బిడ్డా, గివన్నీ గీ పెన్‌డ్రైవుల ఎక్కియ్యి. రేపు రాస్తారోకోకు కార్డు ఖాళీ గావాలె" అని హడావిడిగా దిగిపోయారు.

కార్డులో ఉన్నవి మూడు వేల తొమ్మిది వందల నలభై ఎంబీలు. పెన్‌డ్రైవు డబ్బా మీద నాలుగు జీబీ అని ఉంది. అంటే నాలుగు వేల తొంభై ఆరు, ఇంకా మిగులుతుందని ధీమాగా మొదలుపెట్టాను. కరెంటు పోవడానికి పది నిమిషాలుందనగా చోటు లేదని ఆగిపోయింది. డబ్బా మీద కంపెనీ వెయ్యిన్ని ఇరవై నాలుగుకు బదులు వెయ్యి చొప్పున లెక్క కట్టి రాస్తుందని, తెర మీద చూస్తే నాలుగు కాస్తా మూడుముప్పావుకు కూడా రాదని సార్ అంతకుముందే చెప్పారు. తల ఊపాను తప్ప వినలేదు.

మిగిలింది ఒకే వీడియో, నూట నలభై ఎంబీ. కార్డులో అలాగే ఉంచేస్తే సరిపోయేది. కానీ సార్ చూస్తే నా లెక్క తప్పిందని తెలుస్తుంది. తెరిచి చూడకుండా కార్డు మొత్తం తుడిచేశాను.

కొన్ని నెలలకు అవ్వ చనిపోయింది. దినాలయ్యాక సార్ పెన్‌డ్రైవు పట్టుకొచ్చారు. "అవ్వ శిబిరంల మైకు పట్టుకొని మాట్లాడింది బిడ్డా. పెన్‌డ్రైవుల లేదేంది?"

నేను తుడిచేసింది అదేనని అర్థమైంది. "కార్డులనే లేదు సార్, రికార్డు కాలేదేమో" అన్నాను.

ఆయన పెన్‌డ్రైవు జేబులో వేసుకున్నారు. "అయితే నేనే బటన్ ఒత్తలేనట్టున్న. అవ్వ మాట్లాడుతుంటె అవ్వనే సూసుకుంట ఉన్న, కెమెరా దిక్కు సూడలే" అన్నారు. నా మొహం చూసి, "నువ్వెందుకు పరేషానైతవ్?" అని చాయ్ తెప్పించారు. ఆ చాయ్ తాగాను.

తర్వాత ప్రతి బ్యాచ్‌కూ ఒక మాట చెప్పేవారు. "బటన్ ఒత్తినంక ఎర్ర లైటు వెలిగిందా సూడుర్రి. నేను సూడక మా అవ్వ గొంతు పోగొట్టుకున్న." సార్‌కు సాయంగా ఇంకా వెళ్తుండేదాన్ని కాబట్టి వెనక బల్ల మీద కూర్చుని నేనూ విన్నాను. లేచి నిజం చెబితే అయిపోయేది. తర్వాత ఆయన చెప్పిన మాట మీదే నాకు ఉద్యోగం వచ్చింది, ప్రతి ఉగాదికి ఫోన్ చేసి క్షేమం అడిగేదాన్ని, ఆ ఒక్క సంగతి మాత్రం నోట రాలేదు.

మొన్న వాళ్లింటికి వెళ్లాను. సార్ భార్య ఒక్కతే ఉన్నప్పుడు అంతా చెప్పేశాను. ఆమె తిట్టలేదు. తిడితే బాగుండుననిపించింది.

"దవాఖానల గూడ గదే అన్నడు, నేనే ఒత్తలే అని" అంది. తర్వాత నన్ను అడిగింది. "గా దినం నేను శిబిరానికి పోలే. అవ్వ ఏం మాట్లాడిందో నువ్వన్న యిన్నవా బిడ్డా?"

"లేదమ్మా. తెరవనే లేదు."

ఆమె తలెత్తి గోడ వైపు చూసింది. కొత్తగా దండ వేసిన సార్ ఫొటో పక్కన అవ్వది పాత ఫొటో ఉంది. తల మీద కొంగు కప్పుకుని, పెదవులు గట్టిగా మూసుకుని ఉంది అవ్వ.