రెండో చెయ్యి

బీపీ పట్టీ చర్రుమని ఊడినప్పుడల్లా నాకు గ్రేసమ్మ సిస్టర్ గుర్తుకొస్తుంది. ఈ పూట తిరుపతిలో, మా ఆసుపత్రి గదిలో మళ్లీ అదే చప్పుడు. కుర్చీలో పాతికేళ్ల అమ్మాయి. "మెట్ల మీద పడింది మేడం" అని చెబుతున్నది మాత్రం పక్కనున్న భర్త. ఎవరి నొప్పి ఎవరు చెబుతున్నారో ముందు చూడమనేది సిస్టర్.

నర్సుగా నా తొలి ఉద్యోగం కార్వేటినగరం అవతల ఓ పల్లె ఆరోగ్య కేంద్రంలో. అక్కడ ఆమె సీనియర్ నర్సు. అనుమానం పక్షి అని అందరూ ఆమె వెనక నవ్వేవాళ్లు, నేనూ నవ్వాను. ఏ ఆడమనిషి వచ్చినా సరే, వెంట వచ్చిన భర్తనో అత్తనో ఆధార్ జిరాక్సు తెమ్మని బయటికి తరిమి, రెండు చేతులకూ బీపీ చూసేది. జాకెట్టు చేతులు పైకి జరిగితే కదా కమిలిన మచ్చలు కనబడేది! ఆ తర్వాత గొంతు తగ్గించి, "ఇంట్లో నీ మింద ఎవురన్నా చెయ్యి చేసుకుంటా ఉండారా పాపా?" అని అడిగేది.

ఒకరోజు ఆమె భోజనానికి పోయినప్పుడు సుజాత అనే ఆమె వచ్చింది. ఎడమ భుజం కింద వేళ్ల అచ్చులు. భర్తను జిరాక్సుకు పంపి అడిగాను, ఏడుస్తూ చెప్పింది. నా తెలివికి నేనే మురిసిపోయి, ఓపీ చీటీ మీద "భర్త కొట్టాడు" అని శుభ్రంగా రాసి మందులకు పంపాను. సిస్టర్ రాగానే గొప్పగా చెప్పాను కూడా.

"ఆ చీటీ యాడుండాది?" అంది ముఖం పాలిపోయి. "మందులు తీసుకునేది వాడు గదే!" అంటూనే పరుగెత్తింది. అతను అప్పటికే బండి తీస్తున్నాడు. "మందు తప్పు రాసినామప్పా, చీటీ ఇట్టియ్యి" అని లాక్కుంది. అతను నవ్వుతూ ఇచ్చాడు. చదివాడా, లేదా? ఆ నవ్వులో ఏమీ తెలియలేదు. సిస్టర్ నన్ను తిట్టలేదు. "ఆయమ్మ చెప్పింది ఈడనే ఉండాల, ఇంటికి పోగూడదు" అంది, అంతే. సిగ్గుతో చచ్చిపోయాను. ఆ తర్వాత గేటు దగ్గర ఏ బండి ఆగినా సుజాతేమోనని తొంగిచూసేదాన్ని.

నెల తిరక్కుండానే సుజాత ఒక్కతే వచ్చింది. సిస్టర్ కుడిచేతికి బీపీ చూసింది. సుజాత తనే ఎడమ జాకెట్టు చెయ్యి పైకి లాగి, "ఈ చెయ్యి గూడా సూడండి మేడం" అంది. పాత మచ్చల పక్కన కొత్తవి. అవి నా చీటీ వల్లనో కాదో ఇప్పటికీ తెలియదు. అడిగే ధైర్యం ఆ రోజు లేకపోయింది. సిస్టరే తోడుపోయి ఆమెను పుట్టింటి బస్సెక్కించింది.

ఇప్పుడు ఈ అమ్మాయికి కుడిచేతి బీపీ మామూలుగానే ఉంది. "ఆధార్ జిరాక్సు తీసుకురా, అన్నా" అని భర్తతో చెప్పాను.

"ఫోన్లో ఉండాది మేడం" అన్నాడు కదలకుండా.

"కాగితమే కావాల" అన్నాను. అతను గుమ్మం దాటేదాకా రెండో చెయ్యి ముట్టుకోలేదు.