మాటల దగ్గర ఆపిన టేపు

ఈ నాలుగు మాటలు రాయవలసిన అగత్యం ఒక అట్ట వెనుక అచ్చయిన వాక్యంవల్ల కలిగింది. మా బావమరిది రేడియోలో వాయించిన గిటారు సంగీతాన్ని, అతడు పోయిన ఇన్నేళ్ళకు, ఒక అభిమాని సీడీగా వెలువరించాడు. శ్రద్ధగల పనే, వరుస తప్పలేదు, శబ్దం కడిగినట్లుంది. కాని అట్టమీద ‘ఆయన మితభాషి’ అని ఉంది. అది చదివి నా భార్య సీడీని బల్లమీద బోర్లా పెట్టి వంటింట్లోకి వెళ్ళిపోయింది.

తొంభైల చివర, మాదాపూర్‌లో బండరాళ్ళు పేల్చి అద్దాల మేడలకు పునాదులు తీస్తున్న రోజులవి. కంప్యూటరు ఉద్యోగానికి కోస్తా నుంచి వచ్చిన మా బావమరిది అక్కడే ఒక పెంకుటింట్లో కిరాయికి ఉండేవాడు. బ్లూస్ రాక్ అనే అతని సంగీతం మొదట్లో నాకు బొత్తిగా మింగుడుపడలేదు. తీగను పక్కకు లాగి స్వరాన్ని మూలిగించడం క్రమశిక్షణ లేని పనిగా తోచేది. ఇంటి యజమానురాలు నాకంటె సూటి మనిషి. “ఏంది బిడ్డా, పొద్దంత వాళ్ళు పేలుస్తున్నరు, పొద్దుగూకినంక నువ్వు పేలుస్తున్నవు. జర ఊకోరాదు!” అనేది. “మీ రాళ్ళకి సంతాపం చెబుతున్నానండీ పిన్నిగారూ,” అనేవాడు. “గట్లనా? అయితే సగంల ఆపకు,” అని ఆమె గడపమీద కూర్చునేది. వాడు మితభాషి!

రేడియో యువజన కార్యక్రమంలోనూ అంతే. పాడడం రాదు గాని, ఒక గిటారు వాదనకూ ఇంకొకదానికీ మధ్య ఆ ఇంటావిడ తిట్లూ ఆఫీసు బస్సు ముచ్చట్లూ చెప్పి నవ్వించేవాడు. ఆదివారం మధ్యాహ్నాలు నా భార్య టూ-ఇన్-వన్ రేడియో ముందు కూర్చుని రికార్డు చేసేది. రేడియోనుంచి పాటలు పట్టుకునే ఇళ్ళన్నిటా ఒకటే ఆచారం: మాటలు మొదలుకాగానే పాజ్ మీట నొక్కాలి, టేపు ఆదా. ఒకసారి ఆమె నొక్కడం మరిచింది. భోజనానికి వచ్చి అది విన్న తమ్ముడే, “నా సోది ఎందుకే అక్కా? రోజూ వింటూనే ఉంటావుగా! టేపంతా తినేస్తుంది,” అని వెనక్కి తిప్పి, సరిగ్గా ఆ మాటల దగ్గర ఆపి ఉంచాడు. మరుసటి ఆదివారం వాటిమీద గిటారు ఎక్కింది.

ఆ శీతకాలంలోనే జ్వరం తలకెక్కి పోయాడు. రేడియో కేంద్రానికి వెళ్ళి అడిగితే, “టేపులు చాలకండీ, వాటిమీద వేరే ప్రసంగాలు ఎక్కించేశాం,” అన్నారు. మిగిలినవి మా ఇంటి క్యాసెట్లే. వాటిలో ప్రతి వాదన చివరా మీట పడిన ‘టక్’మనే చప్పుడు ఉండేది. నా భార్య సంగీతంకోసం కాదు, ఆ చప్పుడుకోసం వినేది. “ఇక్కడ వాడేదో అన్నాడండీ,” అనేది ప్రతిసారీ. ఏమన్నాడో ఇద్దరికీ జ్ఞాపకం లేదు. క్యాసెట్లు బూజుపట్టి ఇప్పుడు తిరగవు. అవి తిరిగే రోజుల్లో మా దగ్గర నకలు తీసుకున్న ఆ సీడీ ఆయన, మేలు చేస్తున్నాననుకుని, ఆ చప్పుళ్ళు కూడా తుడిచివేశాడు.

నిన్న ఆమె మొదటినుంచి చివరిదాకా విన్నది. “ఇందులో వాడు ఆగనే ఆగలేదండీ,” అన్నది.

కాలం మనం దాచమన్నదాన్నే దాచింది. దాన్ని నిందించి లాభం లేదు. ఆ మధ్యాహ్నాలు ఆ కార్యక్రమం విన్నవారెవరైనా ఉంటే, పైన నేను రాసినదానిలో తప్పులు దిద్దవలసింది. వాదనకూ వాదనకూ మధ్య అతడన్న ఒక్క వాక్యం గుర్తున్నా తెలుపవలసింది. జీవితమంతా తప్పొప్పులు పట్టి బతికినవాణ్ణి. అయినా చెబుతున్నాను, తప్పుగా గుర్తున్నా సరే.