పిలిచి, పది లెక్కపెట్టు

మా పెద్ద సిస్టరమ్మ పోయింది. పోయిన నెల ఒక పొద్దున వార్డులో స్పృహ చూడటానికి ఒక పెద్దాయన వేలి గోరు మీద పెన్ను ఆనించి నొక్కుతుండగా కర్నూలు నుంచి ఫోన్ వచ్చింది. "పోయిందక్కా, ఇప్పుడే," అన్నాడు ఆమెను తీసుకెళ్లిన మా అంబులెన్సు డ్రైవరు. పెద్దాయన చేతిని దుప్పటి మీద పెట్టి, చార్టులో రాయాల్సింది రాశాను. రాయకుండా ఏడుస్తూ కూర్చుంటే ముందు ఆమెకే కోపం వచ్చేది. ఆ పెన్ను ఎట్లా పట్టాలో నాకు నేర్పింది ఆమే.

ఇరవై రెండేళ్ల కిందట నేను ఆదోనిలో మా ఆసుపత్రికి కొత్తగా నర్సుగా వచ్చినప్పుడు ఆమె హెడ్ నర్సు. తలకు దెబ్బ తగిలిన వాళ్లకు గంటగంటకూ వేయాల్సిన మార్కులుంటాయి. కళ్లు తెరవడానికి కొన్ని, మాటకు కొన్ని, కాళ్లూ చేతులూ కదపడానికి కొన్ని. పిలిస్తే కళ్లు తెరిచినవాడికి మూడు, నొప్పి పెడితేనే తెరిచినవాడికి రెండు. ఆ మార్కులు తగ్గుతున్నాయంటే లోపల ఏదో ముదురుతోందని అర్థం. నేను చదువులో ఫస్టు. ఇదేం పెద్ద విద్య అనుకున్నాను.

మొదటి వారంలోనే పెద్దకడుబూరు వైపు నుంచి బండి మీంచి పడి తలకు దెబ్బ తగిలిన ఒకాయన్ను తెచ్చారు. కేసు షీటులో పేరు ఈరన్న. నేను మంచం పక్కన నిలబడి "ఈరన్నా! ఈరన్నా!" అని గట్టిగా పిలిచాను. పక్క మంచం దగ్గరున్న ఒకాయన, గుమ్మంలో ఉన్న ఇంకొకాయన తిరిగి చూశారు. మా పేషెంటు మాత్రం కదల్లేదు. గోరు నొక్కితే కళ్లు తెరిచాడు. మార్కు తగ్గించి రాసేశాను.

సిస్టరమ్మ చార్టు చూసి అడిగింది. "ఎవర్ని పిల్సినావు పాపా?"

"ఈరన్ననే సిస్టరమ్మా."

"ఉరుకుంద ఈరన్న సామి పేరు పెట్టుకోని ఇల్లు ఈ పక్క యాడుంది? ఇంటికొక ఈరన్న. ఆ పేరుతో రేషన్ షాపోడు తప్ప ఇంకెవురూ పిలవరు. పోయి వాళ్లమ్మని పిల్సుకోని రా."

వరండాలో కూర్చున్న ముసలమ్మ వచ్చింది. "మేము గుండోడంటాము తల్లీ," అంది బెరుగ్గా. సిస్టరమ్మ ఆమెను కొడుకు చెవి దగ్గరికి వంచింది. "గుండా! ఒరే గుండా!" అంది ఆ తల్లి. సిస్టరమ్మ వేళ్లు మడుస్తూ లెక్కపెడుతోంది. ఏడో వేలు దగ్గర గుండోడు కళ్లు తెరిచాడు.

నా ముఖం మాడిపోయింది. నేను రాసిందాన్ని గీకి చెరపబోతే ఆపింది. "ఒక్క గీత కొట్టు, పక్కన రాయి, సంతకం పెట్టు. తప్పు కనపడాల." ఆ తర్వాత ఆమె చెప్పిన మాట ఈ వృత్తిలో నాకు అన్నం పెట్టింది. "పిల్సినాక పది లెక్కపెట్టు పాపా. దెబ్బ తిన్న మనిషి శానా దూరం నుంచి రావాల."

అప్పటి నుంచి కేసు షీటు మూలలో పెన్సిలుతో ఇంట్లో పిలిచే పేరు రాయడం మా వార్డు పద్ధతి అయింది. గుండోడు, దొడ్డక్క, మిలిట్రీ, సుక్కమ్మ. డాక్టర్లు ఇదేం రచ్చబండ అని విసుక్కునేవాళ్లు. కర్ణాటక సరిహద్దు ఊళ్ల నుంచి వచ్చినవాళ్లను ఆమె "కణ్ణు బిడప్పా", కళ్లు తెరువప్పా, అని కన్నడంలో పిలిచేది. ఊర్లోని సాయిబులను వాళ్ల మాటలో పిలిచేది. గోరు నొక్కే ముందు స్పృహ లేని మనిషికి కూడా "నొప్పి పెడతాండా నాయనా, ఏమనుకోవద్దు" అని చెప్పి మరీ నొక్కేది. మొదట్లో నాకు నవ్వొచ్చేది.

చేతిలో రెండు వేళ్లు పెడితే పేషెంటు గట్టిగా పట్టుకున్నాడని ఒకసారి నేను సంబరపడితే, "పట్టుకోవడం పసిబిడ్డ కూడా పట్టుకుంటాది. వదలమని అడుగు. వదిల్తే మాట విన్నెట్లు," అంది. ఇట్లాంటివి ఏ పుస్తకంలోనో ఉండే ఉంటాయి. నాకు మాత్రం ఆమె గొంతులోనే గుర్తున్నాయి.

ఆమెకు ఒక్కదానికే పట్టరాని కోపం వచ్చేది. మంచం పక్కన నిలబడి ఎవరైనా "ఈయనకేం తెలీదు" అన్నారా, ఇక వాళ్ల పని అయిపోయినట్టే. ఒక పెద్ద డాక్టరును కూడా వరండాలోకి పిలిచి చెప్పింది. "నువ్వు పిల్సినావు, ఆయన పలకలా. అంతవరకే నువ్వు సూసింది. తెలీదని యాడ సూసినావప్పా?"

ఆమె పెళ్లి చేసుకోలేదు. రిటైరయ్యాక కూడా ఆదివారం చర్చి అయిపోగానే డబ్బాలో ఉగ్గాని, మిరపకాయ బజ్జీలు పట్టుకుని వార్డుకు వచ్చేది. మేము తింటుంటే తను కేసు షీటు మూలలు చూసేది. ఈ మధ్య కంప్యూటరు వచ్చాక మూలలు లేవు, పెన్సిలూ లేదు. "మీ కంప్యూటర్లో ఆ పేరుకు ఒక గడి పెట్టమని సెప్పు," అనేది. చెప్తాను అనేదాన్ని. చెప్పలేదు.

ఇక్కడిదాకా రాయడం సులువు. ఇక మిగిలింది నా సంగతి.

ఆ ఫోను రావడానికి రెండు రోజుల ముందు, పొద్దున ఆమె ఇంటి వెనక బట్టలుతికే బండ దగ్గర కాలు జారి పడింది. పక్కింటామె ఆటోలో వేసుకుని మా దగ్గరికే తెచ్చింది. డ్యూటీలో నేనే ఉన్నాను. "సిస్టరమ్మా!" అని పిలిచాను. పది లెక్కపెట్టాను. సర్టిఫికెట్లలో ఉండే పేరుతో పిలిచాను. మళ్లీ పది. రెప్ప కదల్లేదు. గోరు మీద పెన్ను పెట్టి నొక్కాను, ముందు చెప్పకుండానే. కళ్లు తెరిచి పైకప్పు వైపు చూసి మూసుకుంది. చేతిలో వేళ్లు పెడితే పట్టుకుంది. "వదులు సిస్టరమ్మా," అన్నాను. వదల్లేదు. ఆ వేళ్లను నేనే ఒక్కొక్కటిగా విడదీశాను.

పక్కింటామె ఏడుస్తూ అడిగింది. "మన మాటలు ఇనపడతాండాయా ఈమెకు?"

"లేదక్కా, ఇప్పుడు ఆమెకేం తెలీదు," అన్నాను.

ఆమె చెవికి జానెడు దూరంలో నిలబడి అన్నాను.

స్కానులో మెదడులో చాలా రక్తం కనబడింది. కర్నూలు పంపించాం. మూడో రోజు పోయింది.

ఆదోనికి తెచ్చి ఆమె ఇంట్లో ఐసు పెట్టెలో ఉంచారు. మధ్యాహ్నం ఎమ్మిగనూరు నుంచి ఒక ముసలమ్మను ఆటోలోంచి ఇద్దరు ఆడవాళ్లు దించారు. సిస్టరమ్మ మేనత్త. నడుము విరిగి చాలా ఏళ్లుగా ఇల్లు కదలని మనిషి. సిస్టరమ్మకు ఒక మేనత్త ఉందని వినడమే కానీ, పడిన సంగతి ఆ మేనత్తకు చెప్పాలని మాకెవరికీ తోచలేదు. ముసలమ్మ పెట్టె మీద చేతులు ఆనించి వంగి ఒక పేరు పెట్టి పిలిచింది.

ఆ పేరు నేనెన్నడూ వినలేదు. చిన్నపిల్లను పిలిచే పేరు. ఇక్కడ రాయను, అది ఆ ముసలమ్మది.

ఊళ్లో ఉన్న ప్రతి ఈరన్నకూ ఇంట్లో ఏమని పిలుస్తారని అడిగిన నేను, ఈమెను మాత్రం అడగలేదు. ఇరవై రెండేళ్లు పక్కన ఉన్నాను కాబట్టి ఈమె నాకు తెలుసు అనుకున్నాను. ఎమ్మిగనూరు ఎంత దూరమని? ఒక్క ఫోన్ చేసి చెవి దగ్గర పెట్టి ఉంటే సరిపోయేది. స్కాను చూసిన డాక్టరు, ఏ పేరుతో పిలిచినా ఏమీ మారేది కాదమ్మా అన్నాడు. ఆయన ప్రాణం గురించి చెప్తున్నాడు. నన్ను తినేస్తున్నది అది కాదు. ఆ పొద్దున ఆమె చాలా దూరం నుంచి వస్తూ ఉండి, దారిలో నా మాట విని ఉంటే?

ముసలమ్మ తల ఎత్తి, తెల్లచీరలో ఉన్న నన్ను చూసి నర్సునని పోల్చుకుంది. "పాపా, నేను వచ్చినానని దీనికి తెలుస్తాందా?" అంది.

చుట్టూ ఉన్నవాళ్లు నా వైపు చూశారు. "ఆమెకేం తెలీదు" అన్న మాట మళ్లీ నాలుక దాకా వచ్చింది. మింగేశాను.

"ఇంకోసారి పిలువవ్వా," అన్నాను.

ఆమె పిలిచింది. నేను పెట్టె అద్దంలోంచి ఆ రెప్పలనే చూస్తూ, ఒకటి నుంచి లెక్కపెట్టడం మొదలుపెట్టాను.