పాట కూర్చునే చోటు

మా పక్కింటి పెద్దమ్మ పోయింది. పొద్దున్నే దుకాణం తాళాలు చేతిలో పట్టుకుని చెప్పులు వేసుకుంటుంటే, గోడ అవతలి నుంచి వాళ్ళబ్బాయి పిలిచాడు. "అక్కా, అమ్మ ఎంత లేపినా లేస్తలేదు. జర రా" అన్నాడు. వెళ్ళేసరికి ఆమె ఒక పక్కకు తిరిగి, చేయి తల కింద పెట్టుకుని పడుకునే ఉంది. నిద్రలోనే పోయిందని డాక్టరు వచ్చి చెప్పాడు. ఎవరినీ పరేషాన్ చేయకుండా పోయింది, పుణ్యాత్మురాలు అని వచ్చినవాళ్ళంతా అన్నారు. నాకైతే కోపం వచ్చింది. గోడ పక్కనే ఉన్నాను కదా, ఒక్క మాట చెప్పకుండా ఎట్లా పోతావని ఆమె మీద కోపంతోనే ఏడ్చాను.

జనగామలో మా వాడ వాళ్ళకు ఆమె హార్మోనియం పెద్దమ్మ. పుట్టిల్లు కొడకండ్ల. అక్కడ వాళ్ళ నాయిన భజన నడిపేవాడట. ఆయన పక్కన కూర్చుని చిన్నప్పుడే హార్మోనియం పట్టింది. పెళ్ళయి జనగామకు వస్తూ నాయినను అడిగి ఆ పెట్టెను వెంట తెచ్చుకుంది. శనివారం సాయంత్రం ఆమె ముందరి గదిలో చాప పరిస్తే మా వాడ ఆడవాళ్ళం వంటలు ముగించుకుని చేరేవాళ్ళం. ఎవరికీ సంగీతం రాదు. గొంతులున్నాయి, అంతే.

మీరు భజనలు చూసే ఉంటారు. హార్మోనియం ముందున్న మనిషి తనకు అలవాటైన మెట్టు నొక్కి శ్రుతి పెడతాడు. అందరూ దానికి రావాలి. అందనివాళ్ళు అరుస్తారు, లేకపోతే పెదవులు కదిలిస్తూ చప్పట్లు కొడతారు. పెద్దమ్మ దగ్గర అట్లా కాదు. పెట్టె మూసే ఉండేది. పాడబోయే మనిషి ముందు వట్టి గొంతుతో, తన ఇష్టమొచ్చినట్టు కాస్త పాడాలి. పెద్దమ్మ కళ్ళు మూసుకుని, పెదవులు కలిపి, లోపల్లోపల "ఊఁ" అంటూ ఆ పాట కింద ఏదో వెతికేది. అది దొరికాక పెట్టె తెరిచి, తిత్తి ఊపి, ఒక్క మెట్టు నొక్కేది. నూటికి తొంభై సార్లు సరిగ్గా అదే. తప్పితే నాలుక కరుచుకుని, "ఊఁహూఁ, ఈ ఇంట్ల లేదు, పక్కింట్ల ఉన్నది" అని పక్క మెట్టు నొక్కేది. మేము నవ్వేవాళ్ళం.

అదెట్లా తెలుస్తుందని అడిగాను ఒకసారి. నేను గాజుల దుకాణం నడుపుతాను. చేయి చూసి సైజు చెప్పడం నాకొచ్చు. గొంతు విని మెట్టు చెప్పడం ఆశ్చర్యంగా ఉండేది. ఆమె నా చేత ఒక పాట పాడించి, మధ్యలో ఆపి, "ఇప్పుడేమనిపిస్తున్నది?" అంది.

"ఏమో, ఇంకా ఏదో బాకీ ఉన్నట్టుంది."

"గదే. పాట మొదలైన తావు చూసి మోసపోవద్దు బిడ్డా. అది ఎక్కడన్న మొదలైతది. బజార్ల ఎన్ని తిరిగినా పొద్దుగూకితె ఇంటికొచ్చి కూసుంటవు గద, అట్లనే పాట గూడ ఒక్క తావున్న కూసుంటది. అక్కడ కూసున్నంక ఇంక ఎటూ పోబుద్ది కాదు. ఆ తావే దాని శ్రుతి."

తర్వాత మాటలు తీసేసి వట్టి "ఊఁ"తో పాడమంది. మాటలుంటే చెవి అర్థం వెంట పోతుందట. పాట నడుస్తున్నంతసేపూ దాని కింద మనసులో ఒకే స్వరం పట్టి ఉంచమంది. ఎక్కడ పట్టినా ఏదో గీసుకున్నట్టే ఉంది. ఒక్క చోట మాత్రం పట్టిన స్వరం మీద పాటంతా హాయిగా వెళ్ళింది. పెట్టె మెట్ల లెక్కలో చూస్తే ఐదున్నర శ్రుతి. ఆ రోజు నుంచి మా వాడలో నేను ఐదున్నర. నా ముందు కూర్చునే ఆమె ఐదు. పప్పు గిన్నెలు ఇచ్చి పుచ్చుకునే చోట మేము ఒకరికొకరం అంకెలైపోయాం.

ఇప్పుడు పాటలన్నీ ఫోన్లలో వస్తున్నాయి కదా. ఎవరో ఒకరు కొత్త భజన ఫోన్‌లో పెట్టి, ఇది నేర్పమని పట్టుబట్టేవారు. ఒకామె కూతురు పాట వినిపిస్తే శ్రుతి చెప్పే యాప్ చూపించింది. పెద్దమ్మ దాన్ని చిన్నబుచ్చలేదు. ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని, పెట్టె మీద సరిచూసుకుని, "మంచిగనే చెప్పింది" అని మెచ్చుకుంది. ఆ పిల్లతో నెమ్మదిగా, "ఇది ఆ పాడినామె శ్రుతి బిడ్డా. ఇగ మీ అమ్మది మనం చూసుకోవాలె" అంది.

ఆమె బోల్తాపడ్డ రోజూ ఉంది. రఘునాథపల్లి దగ్గరి తండా నుంచి వచ్చి మా వాడలో ఇల్లు కట్టుకున్న అక్క భజనకు రావడం మొదలుపెట్టింది. మీ భాషలో ఒకటి పాడమని పెద్దమ్మే అడిగింది. అక్క కొంగు సర్దుకుని ఎత్తుకుంది. పెద్దమ్మ కళ్ళు మూసుకుని వెతికింది. ఒక మెట్టు నొక్కింది, కాదు. ఇంకోటి, కాదు. పక్కిల్లు కాదు, వాడంతా తిరిగింది. చివరికి చేతులెత్తేసి, "ఏందే తల్లీ, నీ పాట ఎక్కడ కూసుంటలేదు?" అంది.

అక్క బిత్తరపోయింది. "ఎట్ల కూసుంటది పెద్దమ్మా, పాట ఇంకా అయిపోలే గదా. పెండ్లిపిల్లను అత్తగారింటికి తోలేటప్పటి పాట అది. ఊరు దాటెదాంక ఆపం."

గదంతా ఘొల్లుమంది. అందరికంటే ఎక్కువ నవ్వింది పెద్దమ్మే. పెట్టె మూసి పక్కకు జరిపి, ఆ పాట మొత్తం విన్నది. ఎంతసేపు సాగిందో! చివర్లో అక్క గొంతు నిజంగానే ఒక చోటికి దిగి ఆగింది. అప్పుడు పెద్దమ్మ మెట్టు నొక్కింది. అటు తర్వాత ఎవరన్నా ఎవరి గురించైనా తొందరపడి మాట్లాడితే, "మొత్తం వినుండ్రి ముందు" అనడం ఆమెకు అలవాటైంది.

ఇదంతా రాస్తున్నాను కానీ, నేను ఆమెకు ఎందుకింత రుణపడ్డానో ఇంకా చెప్పలేదు.

నాకు మెడలో థైరాయిడ్ గడ్డ లేచింది. వరంగల్‌లో ఆపరేషన్ అయింది. గొంతు మారవచ్చని డాక్టర్లు ముందే చెప్పారు. మారింది. పొద్దున లేచి మాట్లాడితే నాకే కొత్త మనిషి వచ్చినట్టుండేది. లావుగా, కిందికి, జీరగా. హైదరాబాద్ నుంచి సరుకు పంపేవాళ్ళు ఫోన్ చేసి నన్ను "అన్నా" అనేవాళ్ళు. మా ఆయన నవ్వించబోయి, నా ముఖం చూసి మానుకునేవాడు. తలుపు వేసుకుని ఐదున్నరలో పాడి చూశాను. పల్లవి సగంలోనే గాలి తప్ప ఏమీ రాలేదు. ఇంక పాట లేదనుకున్నాను. అంత పెద్ద రోగం నుంచి బయటపడి పాట కోసం ఏడవడమేమిటని ఎవరికీ చెప్పుకోలేదు. శనివారాలు పక్కింట్లో చిడతలు మోగుతుంటే టీవీ సౌండు పెంచేదాన్ని. భజన వాళ్ళు వచ్చి, "పాడకున్నా ఏంగాదు, కూసొని తాళం వెయ్యి" అన్నారు. ప్రేమతోనే అన్నారు. ఆ మాటే నాకు ఎక్కువ గుచ్చుకుంది.

పెద్దమ్మ మాత్రం మధ్యాహ్నాలు మా దుకాణానికి వచ్చి స్టూలు మీద కూర్చోవడం మొదలుపెట్టింది. పాట ఊసే ఎత్తదు. నేను బేరాలు చేస్తుంటాను, లోపల సరుకు సర్దుతున్న మా ఆయనను "ఏమయ్యా, ఆ ఎర్రగాజుల డబ్బా అందుకో" అని కేకేస్తుంటాను. ఆమె గాజుల వైపు చూస్తూ కూర్చుంటుంది. నాకు తోడు కోసం వస్తోందనుకున్నాను. ఒక రోజు మాట మధ్యలో ఉన్నట్టుండి లేచి, పోతున్నానని కూడా చెప్పకుండా వెళ్ళిపోయింది. ఆ సాయంత్రం బజారులో ఇద్దరు ముగ్గురు అడిగారు, పెద్దమ్మకు కోపమొచ్చిందా, పలకరిస్తే చేయి ఊపి పోయింది అని.

శనివారం గోడ మీంచి పిలిచింది. రానన్నాను. గొంతు పోయిందన్నాను.

"పోలేదు బిడ్డా. ఇల్లు మారింది. గంతే."

నేను గోడ దగ్గర్నుంచి వెనక్కి తిరిగాను.

"నీ పెనిమిటిని పిలుస్తవు చూడు, అప్పుడు నీ గొంతు ఎప్పుడు ఒక్క తావున్నే పడ్తది. బలిమి లేకుండ పడ్తది. దుకాణంల దాన్ని పట్టుకొని, ఇంటిదాంక ఊఁ అనుకుంట వచ్చిన. దారిల ఎవ్వలు పలకరిచ్చినా నోరు తెరువలే, శ్రుతి జారిపోతదని. పెట్టె మీద చూసిన. మూడు ఉన్నది. రా."

వెళ్ళాను. ఆమె మూడు నొక్కింది. ఆడవాళ్ళం ఐదూ ఐదున్నరల్లో పాడుకునేవాళ్ళం. మిగతావాళ్ళకు మూడంటే పాతాళం. "పెద్దమ్మా, గొణిగినట్టే ఉన్నది" అని ఒకామె అంది. "మిగిలిన పాటలన్ని మీ మెట్ల మీదనే పాడుకోరాదు? ఒక్క పాటకు కిందికి దిగితే మన సొమ్మేం పోతది? దిగుండ్రి" అంది ఆమె. దిగారు. నా గొంతు గరగర అంటూనే సాగింది. చరణంలో ఒకచోట పగిలింది. సరిగ్గా అప్పుడే ఆమె తిత్తి గట్టిగా ఊపింది. పెట్టె మోత నా చీలికను కప్పేసింది. నాకు తప్ప ఎవరికీ తెలియలేదు. ఆ తర్వాత ప్రతి శనివారం నాకు మూడులో ఒక పాట. పగిలిన చోటల్లా ఆ తిత్తి ఉండేది. దాని అండ చూసుకునే పాడాను తప్ప, పెట్టె లేకుండా మళ్ళీ నోరు తెరవలేదు.

ఇప్పుడు ఆమెను వాకిట్లో పడుకోబెట్టారు. పూలు వేశారు. ఎత్తుకుపోయే ముందు భజన చేయడం మా వాడ పద్ధతి. అందరం చుట్టూ కూర్చున్నాం. వాళ్ళబ్బాయి ఎర్రబడ్డ కళ్ళతో నా దగ్గరికి వచ్చి, "అక్కా, అమ్మ శ్రుతిల పాడుండ్రి. అమ్మది ఎంత?" అని అడిగాడు.

ఐదు నా వైపు చూసింది. నేను తండా అక్క వైపు చూశాను. ఎవరికీ తెలియదు. అన్ని ఏళ్ళలో పెద్దమ్మ ఒంటరిగా ఒక పాట పాడగా మాలో ఎవరమూ వినలేదు. ఎవరి శ్రుతిలో ఉంటే వాళ్ళ శ్రుతిలో వంత కలిపింది. నువ్వొకటి పాడు పెద్దమ్మా అంటే, "నాకు పని లేదా" అని పెట్టె తుడుచుకునేది. ఆ పిల్లవాడికి ఏం చెప్పను? "తెలియదు తమ్మీ" అన్నాను. 

ఎవరూ మొదలుపెట్టడం లేదు. అందరూ నన్నే చూస్తున్నారు. పెట్టె లోపలి గదిలో మూసి ఉంది. కప్పేవాళ్ళు లేరు. పగిలితే అందరి ముందూ పగులుతుంది. అయినా ఆమెకు చివరి పాట నేను పాడకపోతే, ఆమె దుకాణంలో కూర్చున్న మధ్యాహ్నాలన్నీ దండగ. లోపల్లోపల "ఊఁ" అనుకుని వెతికాను. ఆమె శ్రుతి దొరకలేదు. నాకిచ్చినదే దొరికింది. ఎత్తుకున్నాను.

పల్లవి దాటకముందే గొంతు పగిలింది. ఆపలేదు. పక్కనున్న ఐదు తన గొంతును తడుముకుంటూ కిందికి దిగింది. తర్వాత తండా అక్క. తర్వాత ఒక్కొక్కరే, ఎవరూ చెప్పకుండానే, అందరూ మూడుకు వచ్చారు. పాట చివరికి వచ్చి, కూర్చోవాల్సిన చోట కూర్చుంది. ఆ ఒక్క స్వరం పట్టుకుని ఉండిపోయాం. అది ఆపితే ఆమెను లేపుతారని అందరికీ తెలుసు. మోయాల్సిన మగవాళ్ళు కండువాలు నడుముకు చుట్టుకుని నిలబడే ఉన్నారు. మాలో ఒకరు ఊపిరి తీసుకుంటుంటే ఇంకొకరు ఆ స్వరం అందుకుంటున్నారు.