వేరే ట్యాంకు పిల్లలు

పట్టపగలు ఎండలో రొయ్యలు గట్టు వారకు వచ్చి ఆగినప్పుడే నాకు భయం వేసింది. ఒంట్లో బాగున్న రొయ్య ఆ వేళ అడుగునే ఉంటుంది. అక్కుపల్లి దగ్గర మా నాన్న చెరువది. నా చిన్న కూతురు ఒకదాన్ని ఒట్టి చేత్తో పట్టేసింది. అది తప్పించుకోలేదు. దాని తల మీది పెంకు వలిచి వెలుతురుకి పెట్టి చూశాను. తెల్లమచ్చలు, చెరువు మొత్తాన్ని తుడిచిపెట్టే వైరస్ గుర్తు.

"నువ్వు సూసిన సీడే కదమ్మా," అన్నాడు నాన్న. తిట్టి ఉంటే బాగుండేది.

నేను జువాలజీ చదివి, టెక్కలిలో రొయ్యపిల్లలకు పీసీఆర్ పరీక్ష చేసే చిన్న ల్యాబులో పనిచేసేదాన్ని. పిల్లలో వైరస్ ఉంటే జెల్ మీద గీత వెలుగుతుంది. నాన్నకు సీడు, అంటే చెరువులో వదిలే రొయ్యపిల్లల్ని, తెచ్చింది మా బావగారు, నా భర్తకు అన్న, పిల్లల్ని పుట్టించే హేచరీలకూ రైతులకూ మధ్య ఏజెంటు. పరీక్షకు సీసాలో పిల్లల్ని ఆయనే తెచ్చి ఇచ్చారు. గీత రాలేదు. వైరస్ లేదన్న రిపోర్టు మీద సంతకం పెట్టాను. ఆ కాగితాన్ని నాన్న బైబిల్లో దాచుకున్నాడు. చెరువులో సీడు వదిలేముందు పాస్టరుగారు ప్రార్థనలో దాన్ని కూడా తలుచుకున్నారు.

చచ్చిన రొయ్యల్ని ల్యాబుకు తీసుకెళ్లాను. గీత మందంగా వెలిగింది. మిగిలి ఉన్న పాత శాంపిల్ మళ్లీ పెట్టి చూశాను. ఏమీ లేదు. వైరస్ తర్వాత పీతలతోనో నీళ్లతోనో వచ్చి ఉండొచ్చు. అలాగే అనుకోవాలని ఉంది. అయినా సాయంత్రం బావగారిని అడిగాను.

"శాంపిలూ సీడూ ఒకే ట్యాంకువేనాండీ?"

ఆయన చెప్పులు విప్పుతూ అన్నారు. "మంచి ట్యాంకు సీడు ముందే అయిపోనాది, సీసాకి సరిపడా పిల్లలే మిగిలినాయి. పక్కది పరీక్షకెడితే నిలవదని హేచరీవోడు సెప్పినాడు. కాగితం లేందే దింపనని మీ నాన్న పట్టు. నానేటి సేయాల?"

నా భర్త పేపరులోంచి తల ఎత్తకుండా, "ఇప్పుడవన్నీ ఎందుకులే," అన్నాడు.

మా ఇంట్లో కోడళ్లు బావగారి ఎదుట కూర్చోరు, ఎదురు ప్రశ్న వేయరు. సీసా ఇచ్చిన రోజు నేను నోరు విప్పనని ఆయనకు తెలుసు.

మర్నాడు పొద్దున్న నా కూతుళ్లు నా మొహంలోకి చూస్తూ కూర్చున్నారు. "నీ పరీక్ష తప్పయిందా అమ్మా?" అంది చిన్నది.

"పరీక్ష తప్పు కాదు. అది తాతయ్య చెరువులో వేసిన పిల్లలది కాదు. పెదనాన్న వేరేవి తెచ్చిచ్చారు. ఎక్కడివని అడక్కుండా సంతకం పెట్టింది మాత్రం నేనే. రండి, జడలు వేస్తాను. ఈ మాట తాతయ్యకు మనమే వెళ్లి చెప్పాలి."