మంచులో వడదెబ్బ

మేముండేది మిన్నెసోటాలో. మార్చిలోనూ పెరడంతా మంచే. ఆ మంచు మధ్యలోనే మావారు వంచిన పైపుల మీద ప్లాస్టిక్ కప్పి, మనిషి నిలబడి తిరిగేంత టన్నెల్ వేసి మెంతికూర పెంచుతారు. ఎండ కాస్తే లోపలి వేడి బయటికి పోదు. అందుకే పొద్దెక్కగానే పక్కల ప్లాస్టిక్‌ను పైకి చుట్టేస్తాం.

ఆ వెచ్చదనం చూసి, ఇండియా నుంచి వచ్చిన మా అత్తగారికి వడియాల మీదికి మనసు పోయింది. ఒకరోజు నేను ఇంట్లోంచే ఆఫీస్ మీటింగ్‌లో ఉండగా సగ్గుబియ్యం వడియాలు పెట్టడానికి టన్నెల్‌లోకి వెళ్లారు. ఎంతసేపైనా అలికిడి లేదు. ఎండ ఫెళ్లున కాస్తోంది. గుబులుగా అనిపించి కిటికీలోంచి చూస్తే, పక్కలు రెండూ దించేసి ఉన్నాయి!

చెప్పులైనా వేసుకోకుండా మంచులో పరుగెత్తాను. తలుపు తీయగానే రెంటచింతల మే నెల ఎండ మొహాన కొట్టినట్టయింది. స్వెట్టర్, మంకీ క్యాప్, శాలువాతో అత్తగారు వడియాల పక్కనే కూలబడి ఉన్నారు. పిలిస్తే పలకలేదు. బయటికి లాగి, శాలువా విప్పి, గుప్పెడు మంచు తీసి మెడకి రుద్దాను. కళ్లు తెరిచారు.

ఆస్పత్రిలో సెలైన్ ఎక్కుతుంటే ఉండబట్టలేక అడిగాను. "పక్కలెందుకు దించారు అత్తయ్యా?"

"చలిగాలికి వడియాలు ఎండవని."

"ఉక్కపోస్తే స్వెట్టరైనా తీసెయ్యొచ్చుగా!"

"బయట అడుగుపెడితే తీయొద్దని రోజూ నువ్వేగా చెప్పేది!"

అత్తయ్య ఇండియా వెళ్లిపోయి ఏడాదైంది. అయినా ఎండ కాసిందంటే మీటింగ్‌లో నాకు కాలు నిలవదు. లేచి వెళ్లి, పక్కలు ఎత్తి ఉన్నాయో లేదో చూసి వస్తాను.