పై నుంచా, కింద నుంచా

మా మేనమామ రెండు వారాల కిందట మంగళవారం పొద్దున్న, యాంగోన్‌లో సంచౌంగ్ పేటలోని తన ఇంట్లో పోయారు. బజారు నుంచి కూరలు తెచ్చి, గుమ్మంలో చెప్పులు విడుస్తూ అక్కడే కూలబడ్డారట. నేను ఫోన్ల కొట్టు తెరుస్తుంటే అత్తయ్య కబురు చేసింది. వెళ్ళేసరికి పక్కింటి సయా ఆయన తల దగ్గర కూర్చుని, నేలమీద దొర్లిన వంకాయలను ఒక్కొక్కటే తీసి సంచిలో వేస్తున్నారు. సయా అంటే బర్మా వాళ్ళ మాటలో మాస్టారు. ఒకప్పుడు స్కూల్లో లెక్కలు చెప్పేవారు. మూడేళ్ళుగా ఆయనకీ మావయ్యకీ ఒకటే వాదన. అదేమిటో చెప్తేగానీ మావయ్య ఎలాంటివారో మీకు తెలియదు. చెప్పినా తెలుస్తుందో లేదో. నాకే సరిగ్గా తెలియదు.

మావయ్య మింగళాడోన్ విమానాశ్రయంలో విమానాల మెకానిక్కు. నలభై ఏళ్ళు రెక్కల కింద పాకారు గానీ ఒక్కసారీ విమానం ఎక్కలేదు. ఇంటికి రాగానే సబ్బుతో చేతులు కడిగి, వాసన చూసుకుని, మళ్ళీ కడిగేవారు. ఫ్యాను చెడినా, గొడుగు చెడినా ముందు తలకిందులు చేసి చూసేవారు. "రేకు అబద్దం సెప్పదమ్మా. సూసినోడే సెప్తాడు," అనేవారు.

రిటైరయ్యాక ఎవరో ఆయన ఫోనుకి రెండో ప్రపంచ యుద్ధం నాటి వీడియో ఒకటి పంపారు. రంగులు లేవు, శబ్దం లేదు. ఒక విమానంలోంచి ఇంకో విమానాన్ని తీశారు. కింద నది వంపు. ఆ బాంబర్ విమానం నిదానంగా పోతూ ఉంటుంది. ఉన్నట్టుండి ఎడమ రెక్క విరుగుతుంది, మంట లేస్తుంది, విమానం దొర్లుతూ పడిపోతుంది. పది పన్నెండు సెకన్లు, అంతే.

దాన్ని ఏది కూల్చింది? కింద నుంచి పేల్చిన ఫిరంగి గుండు అని సయా. కాదు, పైన ఎగురుతున్న తమవాళ్ళ విమానం వదిలిన బాంబే దీని రెక్క మీద పడిందని మావయ్య. రోజూ సాయంత్రం టీకొట్టులో ఇదే గొడవ. ఒకరోజు మావయ్య నూనెలో వేయించిన పొడుగు రొట్టె చేతిలోకి తీసుకుని కింద నుంచి వేలితో పొడిచారు.

"సూడు సయా, కింద నుంచి తగిల్తే రెక్క పైకి లేవాల. వీడియోలో కిందకి వొంగింది."

"అకో, అది రొట్టె," అన్నారు సయా. అకో అంటే అన్నయ్య. "ముందు పెట్రోలు ట్యాంకు అంటుకుంది. మంట ముందు, విరగడం తరవాత."

ఏది ముందో తేల్చమని నన్ను పిలిచేవారు. ఫోన్ల కొట్టులో ఉండేదాన్ని కాబట్టి వీడియోను బొమ్మా బొమ్మా ఆపి చూపించడం నాకు తెలుసు. ఒకసారి చూస్తే మంటే ముందు. ఇంకోసారి చూస్తే రెక్కే ముందు. ఎన్నిసార్లు చూస్తే అంత అయోమయం. అసలు అది మా యాంగోన్ నదేనా అని కూడా అనుమానం. "నదులన్నీ వంపు తిరుగుతాయి," అనేవారు సయా.

ఇంత పట్టుదల ఎందుకో నాకు చాలాకాలం అర్థం కాలేదు. ఒకరోజు కరెంటు పోయి, అరుగు మీద కూర్చున్నప్పుడు ఆయనే చెప్పారు.

మా తాత, అంటే మావయ్య నాన్న, యాంగోన్‌లోనే అహ్లోన్ పేటలో బియ్యం మిల్లు కూలీ. యుద్ధంలో జపాను వాళ్ళు ఆయన్ని పట్టుకుపోయి, నది ఒడ్డున ఫిరంగికి గుళ్ళు మోయించారట. ఒక మధ్యాహ్నం ఆయన అందించిన గుండు పేలిన కాసేపటికే ఒక విమానం రెక్క విరిగి నది అవతల పడింది. ఒక్కరూ బయటికి దూకలేదు. అప్పటినుంచి ప్రతి మహాలయ అమావాస్యకి, మన పెద్దలకి పిండాలు పెట్టాక తాత ఇంకొకటి చేసి పక్కన పెట్టేవారు. ఎవరికని అడిగితే "పేరు తెలీనోళ్ళకి" అనేవారట. ఆ పూట అన్నం ముట్టేవారు కాదు.

"మా అయ్య సచ్చిందాకా ఏడిసేడే," అన్నారు మావయ్య. "ఆ గుండు కాదని తేలితే? ఆళ్ళ బాంబే ఆళ్ళ మీద పడిందని తేలితే?"

"తేలితే ఏమవుతుంది మావయ్యా? తాత లేడు కదా?"

ఆయన ఫోను తీసి ఆ వీడియో మళ్ళీ పెట్టారు.

పోయిన వానాకాలంలో ఆ వీడియోలో ఒకచోట, రెక్కకి కాస్త పైన, నల్ల చుక్క కనిపించింది. మావయ్య ఫోను నా ముందుకి జరిపారు. "ఏటే అది? నీ కళ్ళు మంచియి. బాంబేనా?"

నేను పెద్దది చేసి చూశాను. బాంబు కావచ్చు. పాత రీలు మీద గీత కావచ్చు. అవునంటే ఆయన ముఖం ఎలా వెలుగుతుందో నాకు తెలుసు. "తెలీడం లేదు మావయ్యా," అన్నాను. ఆ మాట సరైనదో, దయలేనిదో ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను.

వారం తరవాత ఆయనే మా కొట్టుకి నడిచి వచ్చారు. "సయా ఒప్పేసుకున్నాడే. బాంబే అన్నాడు."

"మంచిదే కదా."

"ఆడు రెండూ రెండూ నాలుగంటే కూడా ఏదోటి అడ్డం సెప్పేవోడు. ఇప్పుడు ఒప్పేసుకున్నాడేటి?" గెలిచిన మనిషిలా లేరు. కొట్టు బల్ల మీద చేతులు పెట్టుకుని చాలాసేపు వాటివైపే చూస్తూ కూర్చున్నారు.

ఆ ఏటి మహాలయ అమావాస్యకి నేను వాళ్ళింట్లోనే ఉన్నాను. పిండాలు పెట్టాక మావయ్య ఇంకొకటి చేసి పక్కన పెట్టారు. నాకు ఆశ్చర్యమేసింది. "ఇంకా ఎందుకు మావయ్యా? తాత గుండు కాదన్నావు కదా?"

"నాకు తెలీదు. మా అయ్యకీ తెలీదు. తెలీనప్పుడు పెట్టీడమే మంచిది," అన్నారు. ఆ పూట ఆయనా అన్నం తినలేదు. ఆయన దగ్గర నేను నేర్చుకున్నదేమైనా ఉంటే ఆ మాటే. కానీ అందులో ఓదార్పు ఉందో, ఓటమి ఉందో నాకు బోధపడలేదు.

పదో రోజు కర్మకి నది ఒడ్డుకి వెళ్ళాం. సయా తెల్లచొక్కా వేసుకుని వచ్చారు. పంతులుగారు మంత్రాలు చదువుతుంటే నా పక్కన నిలబడి మెల్లగా అడిగారు.

"ఆ రోజు నువ్వేం చెప్పావు ఆయనకి?"

"తెలీడం లేదన్నాను."

"నేను బాంబే అన్నాను. నేనలా అనుకోలేదు, ఇప్పటికీ అనుకోవడం లేదు." చొక్కా చేతులు పైకి మడుచుకున్నారు. "ఆయనకి తెలిసిపోయిందంటావా?"

తెలిసిపోయిందని చెప్పాలా? చెప్పకూడదా? నేను మాట వెతుక్కునేలోగా ఆయన లుంగీ పైకి కట్టి మోకాళ్ళ లోతు నీళ్ళలోకి దిగారు. బర్మా వాళ్ళు పుణ్యం పంచేటప్పుడు నీళ్ళు ధారగా వదులుతారు. ఆయన దోసిట్లోకి నీళ్ళు తీసుకుని వేళ్ళ సందుల్లోంచి వదిలారు. మళ్ళీ తీసుకున్నారు. పంతులుగారు అది మన పద్ధతి కాదని చెప్పబోయి ఊరుకున్నారు. ఆ పుణ్యం ఎవరికి వదులుతున్నారో నేను అడగలేదు. అవతలి ఒడ్డు నుంచి పడవ ఒకటి వస్తోంది. దాని అల వచ్చి నడుము దాకా తడిపినా ఆయన కదలలేదు, దోసిలి దించలేదు.